నెబ్రాస్కా బిగ్ 12లో ఉన్న రోజులు

లింకన్ అనే ఊరు ఒకటుందని నాకు ఐ-20 (వీసా కోసం యూనివర్సిటీ పంపే కాగితం) వచ్చాకే తెలిసింది. నాతోపాటు అప్లై చేసినవాళ్లలో సగం మంది టెక్సస్‌కి, మిగతావాళ్లు న్యూజెర్సీకీ షికాగోకీ వెళ్లిపోయారు. నాకు ఫండింగ్ ఇచ్చింది యూనివర్సిటీ ఆఫ్ నెబ్రాస్కా ఒక్కటే. 2008 ఆగస్టులో దిగాను. ఒమాహా ఎయిర్‌పోర్టు నుంచి సీనియర్ కారులో వస్తుంటే ఇంటర్‌స్టేట్ 80కి అటూ ఇటూ మొక్కజొన్న చేలు, సోయా చేలు. ఊరు దగ్గరపడేసరికి ముందుగా కనబడింది స్టేట్ క్యాపిటల్ గోపురం, దాని శిఖరం మీద విత్తనాలు చల్లుతున్న రైతు కంచు విగ్రహం. మాది నరసరావుపేట దగ్గర పల్లె. ప్రభుత్వ భవనం నెత్తిన రైతును నిలబెట్టుకున్న రాష్ట్రం అనేసరికి నాకు ఆ చోటు మీద గౌరవం కలిగింది. అది ఇప్పటికీ తగ్గలేదు.

క్లాసులు మొదలైన వారానికే కాలేజీ ఫుట్‌బాల్ సీజన్ వచ్చి ఊరంతా ఎర్రబడింది. శనివారం పొద్దున్నే ముసలివాళ్లూ, చంటిపిల్లలూ, కిరాణా కొట్లో బిల్లు కొట్టే అమ్మాయీ అందరివీ ఎర్ర చొక్కాలే. పడమటి వైపు పశువుల రాంచ్‌ల నుంచి ఆరేడు గంటలు కారు నడుపుకుంటూ వచ్చేవాళ్లు. మెమోరియల్ స్టేడియంలో 1962 నవంబర్ నుంచి ఒక్క ఆటకైనా టికెట్లు మిగల్లేదు. మా రోజుల్లో అందులో 81 వేల మంది పట్టేవాళ్లు. ఆట ఉన్న రోజు ఒమాహా, లింకన్ తర్వాత ఆ రాష్ట్రంలో మూడో పెద్ద ఊరు ఆ స్టేడియమే. నెబ్రాస్కా మొదటి పాయింట్లు కొట్టగానే వేలకొద్దీ ఎర్ర బెలూన్లు ఒక్కసారిగా గాల్లోకి లేచేవి. అన్నిటికన్నా నన్ను కట్టిపడేసింది వేరే ఉంది. ఆట అయిపోయాక ఎదుటి జట్టు లోపలికి వెళ్లిపోతుంటే, గెలిచినా ఓడినా, ఆ మూలనున్న జనమంతా లేచి వాళ్లకి చప్పట్లు కొట్టేవాళ్లు.

ఆ ఆట గురించి తెలియనివాళ్ల కోసం ఒక మాట చెప్పాలి. అమెరికాలో కాలేజీ ఫుట్‌బాల్‌ని (కాలితో తన్నే మన ఫుట్‌బాల్ కాదు, బంతి చేత్తో పట్టుకుని పరిగెత్తేది) దేశం మొత్తానికీ కలిపి ఒక బోర్డు కూర్చుని నడపదు. కాలేజీలే కూటములు కట్టుకుంటాయి. వాటిని కాన్ఫరెన్సులంటారు. అప్పట్లో నెబ్రాస్కా ఉన్న కూటమి పేరు బిగ్ 12. ఎవరితో ఆడాలి, టీవీ డబ్బు ఎలా పంచుకోవాలి, చాంపియన్‌ను ఎలా తేల్చాలి అన్నీ ఆ కూటమి చేతిలోనే. కోటప్పకొండ తిరునాళ్లకి చుట్టుపక్కల ఊళ్లవాళ్లు ప్రభలు కట్టుకుని వచ్చి, మా ప్రభ ఎత్తంటే మా ప్రభ ఎత్తని పట్టుపట్టడం చూసి పెరిగినవాడిని కాబట్టి నాకు కాన్ఫరెన్స్ సంగతి ఇట్టే అర్థమైంది. ప్రభ ఎత్తు పక్క ఊరివాడి ముందే లెక్క. ఎక్కడో పది జిల్లాల అవతలివాడు ఎంత ఎత్తు కడితే మనకేంటి?

నాకు ఇవన్నీ నేర్పింది మా డిపార్ట్‌మెంట్ వర్క్‌షాప్‌లో పనిచేసే పెద్దాయన. నా థీసిస్‌కి కావలసిన స్టీలు ముక్కలు కోసిపెట్టేవాడు. వ్యవసాయ కుటుంబం. సీజన్ టికెట్లు వాళ్ల నాన్న నుంచి వచ్చాయి. ఆయన చేతుల్లో నాకు బాగా గుర్తున్నది తెల్ల సుద్ద. వెల్డింగ్ చేసేవాళ్లు స్టీలు మీద గీత గీసుకోవడానికి వాడే పలక సుద్ద అది. ఒకరోజు మధ్యాహ్నం నల్లటి ప్లేటు మీద దాంతో ఒక చుక్క పెట్టి "ఇది మనం" అన్నాడు. అక్కడి నుంచి కింద మాన్‌హాటన్, కాన్సాస్ స్టేట్. దాని పక్కన లారెన్స్, కాన్సాస్. తూర్పున ఏమ్స్, అయోవా స్టేట్. ఇంకా కింద కొలంబియా, మిజోరి. పడమర బోల్డర్, కొలరాడో. దక్షిణాన స్టిల్‌వాటర్, ఓక్లహోమా స్టేట్. దాని కింద నార్మన్, ఓక్లహోమా. ఒక్కో చుక్కకీ ఒక దారి గీశాడు. ఏ దారిలో ఎక్కడ కాఫీ బాగుంటుందో, ఏ ఊళ్లో ఏ సంవత్సరం మంచులో ఇరుక్కుపోయాడో చెబుతూ పోయాడు. అదే పాత బిగ్ ఎయిట్. 1907లో మిజోరి వ్యాలీ పేరుతో మొదలైన ఆ కూటమి స్థాపకుల్లో నెబ్రాస్కా ఒకటి.

టెక్సస్ నాలుగు కాలేజీలకీ ఆయన చుక్కలు పెట్టలేదు. ప్లేటులో చోటు లేదన్నాడు.

ఆ నాలుగు ఎలా వచ్చాయో చెప్పాలంటే 1984కి వెళ్లాలి. అప్పటిదాకా ఏ ఆట టీవీలో రావాలో కాలేజీ ఆటల రూల్స్ చూసే సంస్థ ఎన్‌సీఏఏ ఒక్కటే తేల్చేది. ఓక్లహోమా, జార్జియా యూనివర్సిటీలు కోర్టుకెక్కాయి. అది గుత్తాధిపత్యం అని సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. ఆ రోజు నుంచి టీవీ హక్కులు కాలేజీలవి, వాటి కాన్ఫరెన్సులవి అయ్యాయి. ఇక ఎన్ని ఇళ్లలో టీవీలున్న రాష్ట్రాలు మన కూటమిలో ఉన్నాయన్న లెక్క మొదలైంది. డజను జట్లుండి రెండు డివిజన్లుగా ఆడే కాన్ఫరెన్స్ చివర్లో ఒక చాంపియన్‌షిప్ గేమ్ పెట్టుకోవచ్చని రూల్ పుస్తకంలో ఒక మూల ఉండేది. దాన్ని పట్టుకుని ఎస్ఈసీ అనే దక్షిణాది కూటమి రెండు జట్లను కొత్తగా చేర్చుకుంది. 1992లో బర్మింగ్‌హామ్‌లో మొదటి ఫైనల్ ఆడించింది. అలబామా 28, ఫ్లోరిడా 21. అందరూ దాన్నే చూసి నేర్చుకున్నారు. బిగ్ ఎయిట్‌లోని ఎనిమిదింటికి టెక్సస్, టెక్సస్ ఏ అండ్ ఎం, టెక్సస్ టెక్, బేలర్ కలిసి 1996లో బిగ్ 12 ఆడటం మొదలుపెట్టింది. ఆ నలుగురూ లేచి వస్తే వాళ్ల పాత కూటమి సౌత్‌వెస్ట్ కాన్ఫరెన్స్ మూతపడింది. రైస్, హ్యూస్టన్, ఎస్ఎంయూ, టీసీయూ వెనకబడిపోయాయి. అప్పుడు వాళ్ల బాధ ఎవరికీ పట్టలేదు.

నెబ్రాస్కావాళ్లు బిగ్ 12 గురించి చెప్పే ఫిర్యాదులు మా వర్క్‌షాప్‌లో చాలా విన్నాను. కాన్ఫరెన్స్ ఆఫీసు కాన్సాస్ సిటీలో ఉండాల్సింది డాలస్ వెళ్లిపోయిందని. చదువులో అర్హత మార్కులు కొద్దిగా తగ్గిన కుర్రాళ్లను చేర్చుకోవడానికి టెక్సస్ అడ్డుపడిందని. అన్నీ నిజమే. కానీ నాకు అన్నిటికన్నా పెద్ద దెబ్బ అనిపించేది ఓక్లహోమా సంగతి. 1971 థాంక్స్‌గివింగ్ రోజు నార్మన్‌లో నంబర్ వన్ నెబ్రాస్కా, నంబర్ టూ ఓక్లహోమా ఆడాయి. 35-31తో నెబ్రాస్కా గెలిచింది. జానీ రోజర్స్ పంట్ (ఎదుటివాళ్లు తన్నిన బంతి) అందుకుని 72 గజాలు పరిగెత్తిన ఆ పరుగు గురించి చెప్పేటప్పుడు మా పెద్దాయన పని ఆపేసి, సేఫ్టీ గ్లాసెస్ తీసి బల్ల మీద పెట్టేవాడు. అలాంటి ఆట ఏటా ఉండేది. బిగ్ 12 పుట్టగానే ఓక్లహోమా దక్షిణ డివిజన్‌లోకి వెళ్లింది. నాలుగేళ్లలో రెండేళ్లే ఆడాలన్నారు.  కూటమి మారితే పోయేది ఇదీ అని అప్పుడే తెలియాల్సింది.

మొదటి బిగ్ 12 ఫైనల్ 1996లో సెయింట్ లూయిస్‌లో. నెబ్రాస్కా అంతకుముందు రెండేళ్లూ నేషనల్ చాంపియన్. నాలుగో డౌన్‌లో, అంటే ఆఖరి ప్రయత్నంలో, అంగుళాల దూరం మిగిలితే టెక్సస్ క్వార్టర్‌బ్యాక్ (బంతి విసిరే ఆటగాడు) జేమ్స్ బ్రౌన్ పరిగెత్తుతున్నట్టు కదిలి బంతి విసిరాడు. టెక్సస్ 37, నెబ్రాస్కా 27. 1999లో నెబ్రాస్కా బదులు తీర్చుకుంది, శాన్ ఆంటోనియోలో 22-6తో. కాన్ఫరెన్స్ టైటిల్ నెబ్రాస్కా గెలవడం అదే ఆఖరు.

ఇక 2009 నా సంవత్సరం. నవంబర్ 7 రాత్రి ఓక్లహోమా లింకన్ వచ్చింది. నేను స్టూడెంట్ సెక్షన్‌లో ఉన్నాను. నెబ్రాస్కా 10, ఓక్లహోమా 3. అందులో మాట్ ఓహాన్‌లన్ మూడు ఇంటర్‌సెప్షన్లు (ఎదుటివాళ్లు విసిరిన బంతిని మధ్యలో అందుకోవడం) పట్టాడు. స్కాలర్‌షిప్ లేకుండా జట్టులో చేరినవాడు, వాక్-ఆన్. అంతకు కొన్ని వారాల ముందు వర్జీనియా టెక్ మీద ఒక్క పాయింటుతో ఓడినప్పుడు అందరూ తిట్టింది అతన్నే. ఆ రాష్ట్రంలో చిన్న ఊళ్ల కుర్రాళ్లు స్కాలర్‌షిప్ లేకపోయినా ఆ ఎర్ర జెర్సీ కోసం ఫీజు కట్టుకుని వచ్చి ఏళ్ల తరబడి ప్రాక్టీస్‌లో దెబ్బలు తినేవాళ్లు. ఓహాన్‌లన్ మూడో బంతి పట్టినప్పుడు నా పక్కనున్న అమ్మాయి ఏడ్చేసింది. అతనిది ఒమాహా పక్కనే ఉన్న బెల్‌వ్యూ, ఆ అమ్మాయిదీ అదే ఊరట.

డివిజన్ గెలిచి డిసెంబర్ 5న ఆర్లింగ్టన్‌లో బిగ్ 12 ఫైనల్‌కి వెళ్లాం. ఎదురుగా అజేయమైన టెక్సస్. నా ఇంజనీరింగ్ క్లాస్‌మేట్ ఒకడు యూటీ ఆర్లింగ్టన్‌లో చదివేవాడు. కౌబాయ్స్ స్టేడియం వాళ్ల ఊళ్లోనే. టికెట్ లేకపోయినా పొద్దుట్నుంచీ ఫోన్లు. "మామా, మీవాళ్లు బస్సులు కట్టుకుని దిగారు రా, మా వాల్‌మార్ట్ అంతా ఎరుపే!"

మా అపార్ట్‌మెంట్‌లో ఒక గదిలో టీవీ, ఇంకో గదిలో ల్యాప్‌టాప్‌లో ముంబై టెస్టు. అంతకు రెండు రోజుల ముందే సెహ్వాగ్ 293 దగ్గర అవుటయ్యాడు. రూమ్మేట్లందరూ ఇంకా ఆ ఏడు పరుగుల దుఃఖంలోనే ఉన్నారు. నేనొక్కడినే టీవీ ముందు.

ఎండమకాంగ్ సూ అనే నెబ్రాస్కా డిఫెన్సివ్ టాకిల్ ఆ రాత్రి ఆడినట్టు ఇంకెవరూ ఆడగా నేను చూడలేదు. టెక్సస్ క్వార్టర్‌బ్యాక్ కాల్ట్ మెకాయ్‌ని ఒంటి చేత్తో లాగి నేలకేసి కొట్టాడు. నాలుగున్నర శాక్‌లు (బంతి విసరకముందే క్వార్టర్‌బ్యాక్‌ని పడగొట్టడం). మా అఫెన్స్ మాత్రం ఆటంతా కలిపి 106 గజాలే కదిలింది. అయినా అలెక్స్ హెనరీ నాలుగో ఫీల్డ్ గోల్ (కాలితో కొట్టే మూడు పాయింట్ల గోల్) కొట్టేసరికి రెండు నిమిషాలకన్నా తక్కువ టైముంది, మాది 12-10 ఆధిక్యం. తర్వాతి కిక్‌ఆఫ్ బంతి గీత దాటి బయటికి పోయింది. టెక్సస్‌కి ఊరికే చోటు దొరికింది. వెంటనే ఒక పాస్, దాని మీద ఇంకో పెనాల్టీ. చివరికి మెకాయ్ కుడివైపు పరిగెత్తి పరిగెత్తి బంతిని బయటికి విసిరాడు. గడియారం సున్నా. నెబ్రాస్కావాళ్లు మైదానంలోకి ఉరికారు. నేను లేచి అరిచాను. కింద అపార్ట్‌మెంట్ వాళ్లూ అరిచారు, గోడల్లోంచి వినబడింది.

అప్పుడు రిఫరీలు రీప్లే చూసి ఒక సెకను వెనక్కి పెట్టారు. టెక్సస్ కిక్కర్ హంటర్ లారెన్స్ 46 గజాల నుంచి ఫీల్డ్ గోల్ కొట్టాడు. టెక్సస్ 13, నెబ్రాస్కా 12.

ఎన్నోసార్లు ఆ క్లిప్ చూశాను. బంతి తగిలేటప్పటికి సెకను మిగిలే ఉంది. రూల్ ప్రకారం న్యాయమే. ఆ రాత్రి లింకన్‌లో ఎవరూ అలా అనుకోలేదు, అనుకోమని అడగడం కూడా తప్పే. అటు టెక్సస్ నేషనల్ టైటిల్ ఆటకు వెళ్లాలి, ఇటు కాన్ఫరెన్స్‌కి ఆ డబ్బూ పేరూ రావాలి. అందుకే చేశారన్న మాట మర్నాటికి ఊరంతా పాకింది. ఓ గంట గడిచిందో లేదో పక్క గదిలోంచి కేకలు. శ్రీలంక మీద గెలిచి ఇండియా మొట్టమొదటిసారి టెస్టుల్లో నంబర్ వన్ అయింది. నన్నూ లాక్కెళ్లి గంతులేయించారు. గంతులేశాను కానీ కళ్లలో నీళ్లు తిరుగుతూనే ఉన్నాయి.

పది రోజులకి, డిసెంబర్ 15న, కొత్త జట్లను చేర్చుకోవాలా అన్నది పరిశీలిస్తున్నామని బిగ్ టెన్ అనే ఇంకో పెద్ద కూటమి ప్రకటించింది. ఆ వసంతకాలమంతా మా ల్యాబ్‌లో అదే గొడవ. మిజోరి పోతుందట, నెబ్రాస్కా పోతుందట, టెక్సస్ ఇంకో ఐదింటిని వెంటబెట్టుకుని పసిఫిక్ తీరం వైపు పోతుందట. జూన్ 10న కొలరాడో పసిఫిక్ తీరం కూటమి ప్యాక్-10కి వెళ్లిపోతున్నట్టు చెప్పింది. 11న, శుక్రవారం, నెబ్రాస్కా రీజెంట్లు (యూనివర్సిటీ పాలకమండలి) బిగ్ టెన్‌కి వెళ్లాలని ఏకగ్రీవంగా ఓటేశారు. చాన్సలర్ హార్వీ పర్ల్‌మన్, పక్కన అథ్లెటిక్ డైరెక్టర్ టామ్ ఆస్‌బర్న్. పాతికేళ్లు కోచ్‌గా చేసి మూడు నేషనల్ టైటిళ్లు తెచ్చిన మనిషి. ఆయన సరే అన్నాడంటే ఆ రాష్ట్రంలో ఇంకెవరూ మాట్లాడరు.

ఆ నిర్ణయాన్ని నేను తప్పుపట్టను. టెక్సస్ ఏ క్షణాన లేచిపోతుందో తెలియని ఇంట్లో ఎవరైనా ఎన్నాళ్లుంటారు? మరుసటి ఏడాదే టెక్సస్ ఈఎస్‌పీఎన్‌తో ఇరవై ఏళ్లకి 30 కోట్ల డాలర్లకు సొంత చానెల్ పెట్టుకుంది. ఏ అండ్ ఎం, మిజోరి 2012లో ఎస్ఈసీకి వెళ్లిపోయాయి. ఆస్‌బర్న్ చూపు తప్పలేదు. గ్రాడ్యుయేట్ స్టూడెంట్లుగా మాకు ఇంకో సంతోషం కూడా ఉండేది. బిగ్ టెన్ అంటే మిషిగన్, విస్కాన్సిన్, ఇల్లినాయ్, వాళ్ల లైబ్రరీలు, వాళ్ల రీసెర్చ్. అయితే ఇంకా మొదటి ఆటైనా ఆడకముందే, 2011 వసంతంలో, పెద్ద రీసెర్చ్ యూనివర్సిటీల సంఘం ఏఏయూ నుంచి నెబ్రాస్కాను ఓటేసి తీసేశారు. అందులో కొత్త కూటమివాళ్ల ఓట్లు కూడా ఉన్నాయని తెలిసినప్పుడు మా ప్రొఫెసర్ల మొహాలు తలచుకోలేకపోయాను.

జూన్ 11 సాయంత్రం వర్క్‌షాప్‌కి వెళ్తే కుర్రాళ్లందరూ పండగ చేసుకుంటున్నారు. మా పెద్దాయన బ్యాండ్ సా దగ్గర చెత్త ఊడుస్తున్నాడు. టెక్సస్ పీడ వదిలింది కదా, సంతోషమేనా అని అడిగాను. "టెక్సస్ పోతే సంతోషమే. కానీ వాళ్లతో పాటు మాన్‌హాటన్ కూడా పోయిందిగా, బాబూ. మా నాన్నా నేనూ కారేసుకుని వెళ్లిన ప్రతి ఊరూ పోయింది. పెన్సిల్వేనియా దాకా నేనెప్పుడు నడపాలి?" అన్నాడు. నేను జవాబు చెప్పలేకపోయాను. ఈ కాన్ఫరెన్స్ మార్పు మీద పేపర్లలో పేజీలకు పేజీలు చదివాను కానీ, అంత సూటిగా ఎవరూ రాయలేదు.

ఆఖరి సీజన్ కక్షలతోనే గడిచింది. అక్టోబర్ 16న టెక్సస్ లింకన్ వచ్చింది. ఏడాది పొడవునా ఆ తేదీ కోసం ఊరు కాచుకుని కూర్చుంది. 20-13తో వాళ్లే గెలిచారు. నవంబర్లో కాలేజ్ స్టేషన్‌లో ఏ అండ్ ఎం 9, నెబ్రాస్కా 6. ఆ ఆటలో మాకు 16 పెనాల్టీలు, వాళ్లకి రెండు. ఫైనల్‌కి మళ్లీ ఆర్లింగ్టన్. ఎదురుగా ఓక్లహోమా, 17-0తో ముందుకెళ్లి కూడా 23-20తో ఓడాం. బిగ్ 12లో మొదటి ఏడాదీ చివరి ఏడాదీ ఫైనల్లో ఓటమే.

డిసెంబర్లో డిగ్రీ అయిపోయి ఉద్యోగానికి నేను వచ్చి పడింది అర్వింగ్. అంటే డాలస్ పక్కనే. బిగ్ 12 ఆఫీసున్న ఊరు. ఇక్కడ ఏ వీధిలో చూసినా మనవాళ్లే, కానీ నెబ్రాస్కా పేరెత్తితే "అక్కడ ఏముంటుంది బ్రో?" అనేవాళ్లే. ఇక్కడి నుంచే 2011లో విస్కాన్సిన్ మీద మా మొదటి బిగ్ టెన్ ఆట చూశాను, 48-17తో ఓటమి. 2012 బిగ్ టెన్ ఫైనల్ ఇండియానాపోలిస్‌లో, అదే విస్కాన్సిన్, 70-31. మళ్లీ ఫైనల్ మొహం చూడలేదు.

ఆ తర్వాత టీవీ ఇళ్ల లెక్క ఇంకా ముదిరింది. న్యూయార్క్, వాషింగ్టన్ చుట్టుపక్కల కేబుల్ కనెక్షన్ల కోసం 2014లో రట్గర్స్, మేరీల్యాండ్ బిగ్ టెన్‌లోకి వచ్చాయి. 2024 నాటికి టెక్సస్, ఓక్లహోమా ఎస్ఈసీలో ఉన్నాయి. యూఎస్‌సీ, యూసీఎల్‌ఏ, ఆరెగన్, వాషింగ్టన్ బిగ్ టెన్‌లో. స్టాన్‌ఫర్డ్ పసిఫిక్ ఒడ్డున ఉండి అట్లాంటిక్ కోస్ట్ కాన్ఫరెన్స్‌లో ఆడుతోంది. వందేళ్లు దాటిన ప్యాక్-12లో (ఒకప్పటి ప్యాక్-10) చివరికి మిగిలింది ఆరెగన్ స్టేట్, వాషింగ్టన్ స్టేట్ ఇద్దరే. వాళ్లవి కోర్వాలిస్, పుల్‌మన్ అనే చిన్న ఊళ్లు. ఆ వార్త చదివినప్పుడు నాకు లింకన్ గుర్తొచ్చింది. నెబ్రాస్కా రాష్ట్ర జనాభా అప్పట్లో ఇరవై లక్షలైనా లేదు. గెలిచిన చరిత్ర ఒకటి చేతిలో ఉంది కాబట్టి 2010లో పిలుపొచ్చింది. లేకుంటే ఆ ఇద్దరి పక్కన మూడో పేరు మాదే అయ్యేది. అందుకే ఆస్‌బర్న్‌ని తలచుకున్నప్పుడల్లా దండం పెట్టాలనిపిస్తుంది. మా పెద్దాయన బాధా నిజమే. రెండూ నిజం కావడమే నాకు కష్టంగా ఉంటుంది.

2024 సెప్టెంబర్ 7న కొలరాడో లింకన్ వచ్చిందని మావాడిని తీసుకుని వెళ్లాను. కొలరాడో ఇప్పుడు మళ్లీ బిగ్ 12లోనే ఉంది. పెద్దాయన రిటైరై చాలాకాలమైంది, టికెట్లు కూతురి పేరు మీదకి మారాయి. ఆవిడే మాకు రెండు ఇచ్చారు. హీలియం కొరతని బెలూన్లు వదలడం 2022లోనే మానేశారు, మావాడు వాటిని చూడలేదు. 28-10తో గెలిచాం. మా వెనక వరుసలో డెబ్బై ఏళ్ల దంపతులు 1980ల నుంచీ కొలరాడో మీదున్న కోపమంతా పేరు పేరునా తీర్చుకున్నారు. పదేళ్ల మావాడు బస్సెక్కేదాకా వాళ్లు చెప్పినవన్నీ నాకు మళ్లీ చెబుతూనే ఉన్నాడు. అంతకుముందోసారి టీవీలో రట్గర్స్ ఆట పెడితే పావుగంట కూర్చోలేదు వీడు.

ఆర్లింగ్టన్ క్లాస్‌మేట్ ఇప్పుడు ఫ్రిస్కోలో ఉంటాడు. ఆ నవంబర్ ఆఖర్లో ఫోన్ చేశాడు. 2011లో ఆగిపోయిన టెక్సస్, ఏ అండ్ ఎం ఆట ఎస్ఈసీ పుణ్యమా అని మళ్లీ మొదలైంది, టెక్సస్ 17-7తో గెలిచింది. "చూశావా మామా, విడిపోయినవాళ్లు కలిశారు. ఎప్పుడూ పోయిందే తలచుకుంటావేంట్రా?" అన్నాడు. మంచి మాటే, నాకూ సంతోషమే. కానీ మాకు అలా కలిసే దారి కాన్ఫరెన్స్ ఇవ్వదు, మేమే వేసుకోవాలి. బిగ్ టెన్‌లో తొమ్మిది ఆటలు పోను ఏటా మూడు మిగులుతాయి. అందులో ఒకటి కాన్సాస్ స్టేట్, కాన్సాస్, కొలరాడో, ఓక్లహోమాలతో వంతులవారీగా పెట్టమనే నేను అడిగేది. 2021లో నార్మన్ వెళ్లి ఓడాం, 2022లో వాళ్లు లింకన్ వచ్చి 49-14తో ఉతికారు. ఉతకనీ. మాన్‌హాటన్ లింకన్‌కి రెండున్నర గంటల దారి.